మా నాన్నను తగవుల పెద్దగా ఇక ఉంచవద్దని మనవి

మనామా తెలుగు సంఘం ఎన్నికల అధికారి శ్రీనివాసరాజు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: వచ్చే శుక్రవారం సభలో శ్రీ అప్పాజీ గారిని తగవుల పెద్ద పదవి నుండి తప్పించుట గురించి.

సనాబిస్‌లో నివసిస్తూ పన్నెండో తరగతి చదువుతున్న సాయికుమారి అను నేను విన్నవించుకొనునది. పై అప్పాజీ గారు నా తండ్రి.

1. ఆయన మామీర్ ఫ్యాక్టరీల పేటలో ఫిట్టరుగా పనిచేస్తూ కార్మికుల క్యాంపు వారి తగవులు తీర్చేవారు. ఏసీ ఎదుటి మంచం కోసం కొట్టుకున్న ఇద్దరికి "నెలకొకరు పడుకోండ్రా" అని చెప్పినది మొదటి తీర్పు. అది నచ్చి సంఘం ఆయనను పెద్దగా నియమించింది. ఈ పదవికి పోటీదారు ఉండరు. ఆరు నెలలకోసారి "ఉంచాలా, వద్దా" అని అడుగుతారు, సభ్యులు చేతులెత్తుతారు.

2. గత రంజాన్ నెలలో పక్షవాతం వచ్చి ఆయనకు మాట పోయింది. కుడిచేయి కూడా పడిపోయింది. ఆ తరువాతి సభలో తప్పిస్తారనుకున్నాను. అందరూ ఉంచమనే చేతులెత్తారు. సభ నడుపుతున్న గిడియోన్ గారు "యల్లా, ఖలాస్, అయిపోయింది, టీ పట్రండి" అన్నారు.

3. ఇదేమని నాన్నతో క్యాంపులో పనిచేసిన సంఘ సభ్యుడు అచ్చిబాబు గారిని అడిగాను.

"ఇదివరకు మీ నాన్న తీర్పు చెబితే ఒకడికి కోపమొచ్చేదమ్మా. ఇప్పుడు నోరెత్తడు గదా, ఇద్దరూ ఆయన మనోడేలే అనుకుని పోతన్నారు. ఇలాంటి జడ్జీ ఏ దేశంలో దొరుకుతాడు?"

"ఆయనకి వైద్యం కావాలి బాబాయ్."

"చేయిద్దాం. ముందు ఈ క్యాంపు గదిలో ఎండుచేపలు వండే గొడవ తేలనీ."

ఎండుచేపల గొడవ మా ముందుగదిలోనే జరిగింది. నాన్న గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్లు అరిచి, అలిసి, ఆయన కాళ్లకు దండం పెట్టి వెళ్లారు. నేను గ్లాసులు కడిగాను.

4. నెలాఖరుతో ఆయన వీసా ముగుస్తుంది; పెద్దగా ఉంటే పొడిగింపిస్తామని సంఘం వారు అంటున్నారు. కంపెనీ టికెట్ ఇచ్చింది. కాకినాడలో రోజూ మాట నేర్పిస్తే కొంత తిరిగి వస్తుందని, ఆలస్యమైతే రాదని డాక్టరు గారు సెలవిచ్చారు. నాన్న వెళ్లనని తల అడ్డంగా ఊపుతున్నారు. సభ వద్దనే దాకా పెద్ద కుర్చీ దిగరాదన్న నిబంధన ఆయన రాసినదే.

5. మా అమ్మ వీరదుర్గకు ఓటు ఉన్నది. "ఆయన కళ్లెదురుగా ఒద్దని నేనెలా ఎత్తనే చెయ్యి?" అంటున్నది. మైనరునగుటచే నాకు ఓటు లేదు.

కావున సభ్యులందరూ ఈసారి 'వద్దు' అనునప్పుడు చేతులెత్తునట్లు తమరు ముందుగా నచ్చజెప్పి, మా నాన్నను ఓడించి పంపవలసినదిగా ప్రార్థన. ఆయన మంచి పెద్ద కాదని ఎవరూ అనుకోనవసరం లేదు. చిత్తగించి దయచూపవలెను.

తమ విధేయురాలు,
సాయికుమారి

తా.క. దీనిని నాన్నకు చూపించాను. చదివి, ఫిర్యాదు అందినప్పుడల్లా రాసేటట్లే, ఎడమచేత్తో కింద 'ముట్టినది' అని వంకరగా రాశారు. తరువాత నన్ను చూపించి, తగవుకు వచ్చినవారు నిలబడే గుమ్మం ముందు చోటు చూపించారు. ఫిర్యాదు చేసినవారు ఎదుట నిలబడి చెప్పాలి కదండీ. శుక్రవారం వచ్చి చెబుతాను. మీరు కాస్త నా పక్కన నిలబడండి.