గచ్చు పాట రెండో డిస్కు

బొంబాయి, కామాటిపుర, పన్నెండో గల్లీ
ఆదివారం

ప్రియమైన చంద్రయ్య తాతకు,

మీ మనవరాలు సాక్షి ప్రేమతో రాస్తున్నది. ఫోన్‌లో చెబితే చిటికెలో అయిపోయే సంగతే. కానీ మీరు ఊరికి వెళ్ళిపోయేటప్పుడు రైలు కిటికీలోంచి షరతు పెట్టారు కదా, "తెలుగు నేర్పిన, ఇగ కాగితం మీదనే మాట్లాడాలె" అని. బడి చదువంతా మరాఠీలో అయినదాన్ని, మొదట్లో ఈ షరతు శిక్షలా అనిపించింది. ఇప్పుడు కాలేజీ నుంచి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని మీకు రాయబోయే వాక్యాలు పేర్చుకుంటున్నాను.

మీ అక్క, మన నాయనమ్మ, టీవీలో కనిపించింది తాతా. రాష్ట్రం వదిలి వచ్చిన తెలుగువాళ్ళ గురించి ఒక తెలుగు ఛానల్ కార్యక్రమం చేస్తోంది. వాళ్ళు పోయిన నెల మన గల్లీకి వచ్చి, నాయనమ్మను గదుల ముందు గ్యాలరీలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, గచ్చు కొట్టేటప్పుడు పాడే పాట పాడమన్నారు. డాబా మీద సున్నమూ ఇటుక ముక్కలూ పరిచి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో కొట్టి నున్న చేసేవారని, ఆ దెబ్బల లయకే పాట నడిచేదని నాకు ఆ రోజే తెలిసింది. మరాఠీలో మేడ మీది డాబాను గచ్చి అంటాం. ఇన్నాళ్ళూ నాయనమ్మ పని పేరు నా నోట్లోనే ఉందన్నమాట.

నిన్న ప్రసారమైంది. మన గదిలో పదిమందీ గ్యాలరీలో ఇరవై మందీ నిలబడి చూశారు. తెర మీద "రాజవ్వ" అని పేరు పడగానే నేను పైకే చదివాను. అది నేను చదవగలిగిన అక్షరాల్లో ఉంది కదా.

ఒక్కటే ముల్లు. నాయనమ్మ ఒక్కో చరణం పాడి ఆగిపోతోంది. కాసేపటికి మళ్ళీ అందుకుంటోంది. ప్రతి చరణానికీ అంతే. చివర్లో వ్యాఖ్యాత వచ్చి, వయసు మీదపడి అవ్వ పాటలో సగం మరిచిపోయిందని జాలిగా చెప్పాడు. అంతే, గ్యాలరీ అందుకుంది. పక్కగది పిన్ని, కోమల్ కాకూ నవ్వుతూనే, "గింత పెద్ద పరీక్షకు పోయెటప్పుడు ఒక్కపారి చదువుకొని పోవద్దా అవ్వా" అంది. నాయనమ్మ లోపలికి వెళ్ళి బియ్యం ఏరుకుంది.

మన సెట్‌టాప్ పెట్టె రికార్డు చేసే రకం. కార్యక్రమం అందులో భద్రంగా ఉంది. డిస్కులోకి ఎక్కించి మీకు పంపుతాను. నాయనమ్మ ఒక్క మాటే చెప్పింది: "మరదలు పోచమ్మకు చూపియ్యమను. ఉన్నది ఉన్నట్టు పంపు."

మీ ఉత్తరం కోసం గుమ్మం వైపు చూస్తూ,
సాక్షి


రేగడిపల్లి

చిరంజీవి సాక్షికి తాత ఆశీస్సులు.

అక్క టీవీలో వస్తుందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పిన రోజే మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఊరంతా చీకట్లో కూర్చున్నాం. మీ పోచమ్మవ్వ మాత్రం ఆరిపోయిన టీవీ ముందు నుంచి చాలాసేపు లేవలేదు. పెళ్ళై వచ్చిన ఏడాదే నా వెంట బొంబాయి వచ్చింది. మేస్త్రీని నేనే గానీ, దానికి పని నేర్పింది మా అక్క. వర్లిలో, బైకలాలో, ఎక్కడ డాబా పడితే అక్కడ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కొట్టారు.

డిస్కు తప్పక పంపు. సైదులు ఇంట్లో డిస్కులు ఆడించే యంత్రం ఉంది. అతని కూతురి పెళ్ళి డిస్కు తప్ప దానికి వేరే తిండి లేదు. మీ అవ్వ రోజూ పోస్టుమాన్‌ను ఆపి అడుగుతోంది. అతను ఇప్పుడు మా వీధి తప్పించుకుని పోతున్నాడు.

నీ రాత బాగుపడింది. "పైకే చదివాను" అన్న చోట నేనూ అక్క పేరు పైకే చదివాను.

మీ తాత
చంద్రయ్య


కామాటిపుర

ప్రియమైన తాతకు,

డిస్కు ఈ ఉత్తరంతోనే వస్తోంది. రెండు అట్టల మధ్య పెట్టి కుట్టాను. విప్పేటప్పుడు బ్లేడు వాడకండి.

ఇదంత సులువు కాదని ఇప్పుడు తెలిసింది. పెట్టెలో ఉన్న బొమ్మను పెన్‌డ్రైవ్‌లోకి లాగితే అది మరి దేంట్లోనూ ఆడదు. ఆ పెట్టెకే తాళం వేసి ఉంటుందట. ఫోరస్ రోడ్డులో పెళ్ళి వీడియోలు చేసే తుషార్ దాదా తన డిస్కు రికార్డర్ ఇచ్చి, దారి చెప్పాడు. పెట్టె వెనక నుంచి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు రికార్డర్‌కు పెట్టాలి. పెట్టెలో కార్యక్రమం ఆడుతుంటే ఇక్కడ డిస్కు రాసుకుంటుంది. అరగంట కార్యక్రమానికి అరగంటా పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. పెట్టె ఏం చూపిస్తే అదే డిస్కులో పడుతుంది.

ఆ చివరి మాట కోమల్ కాకూకు ఎవరూ చెప్పలేదు. నేను నీళ్ళు పట్టడానికి కిందికి వెళ్ళాను. ఆమె తన సీరియల్ వేళ అయిందని వచ్చి రిమోట్ నొక్కింది. పైకి వచ్చి చూస్తే నాయనమ్మ పాట మధ్యలో ఎవరో కొత్త కోడలు ఏడుస్తోంది. ఒకసారి రాసిన డిస్కు మళ్ళీ చెరపలేం. అది పారేశాను.

రెండోసారి నేనే రికార్డర్ దగ్గర కూర్చున్నాను. ఇక్కడ మీకు మాత్రమే ఒక సంగతి చెబుతున్నాను. రికార్డర్ మీద కాసేపు ఆపే మీట ఉంటుంది. నాయనమ్మ ఆగిన ప్రతిచోటా నేను ఆ మీట నొక్కాను. ఆమె మళ్ళీ అందుకోగానే వదిలాను. వ్యాఖ్యాత జాలి మాటలు రాకముందే ముగించాను. ఎన్ని చరణాలున్నాయో అన్నిచోట్లా ఊపిరి బిగబట్టి నొక్కాను తాతా. ఇప్పుడు పాట ఏటిలా పారుతుంది. ఎక్కడా తడబాటు లేదు. మా నాయనమ్మ మరిచిపోయిందని మీ ఊళ్ళో ఒక్కరూ అనలేరు.

తుషార్ దాదా చూసి, "ఏ, కటింగ్ మస్త్ చేసినవ్ రే" అన్నాడు. నాకు భలే గర్వంగా ఉంది. నాయనమ్మకు చెప్పలేదు. డిస్కు ఊరికి చేరాక, మీ అందరి మెప్పుతో పాటు చెబుతాను.

పోచమ్మవ్వ ఏమందో ప్రతి మాటా రాయండి.

ఆశగా,
సాక్షి


రేగడిపల్లి

చిరంజీవి సాక్షికి,

డిస్కు పగలకుండా చేరింది. సైదులు ఇంట్లో చూశాం. అక్క ముఖం చూడగానే మీ అవ్వ టీవీకి చేయి తాకించి కళ్ళకు అద్దుకుంది.

తర్వాత జరిగింది కూడా రాయాలి. ప్రతి మాటా రాయమన్నావు.

పాట మొదలైంది. మొదటి చరణం అవగానే మీ అవ్వ నోరు తెరిచింది. అప్పటికే రెండోది వచ్చేసింది. రెండో చరణానికీ అంతే. మూడోదానికి నోరు మూసుకుంది. పాట అయ్యేదాకా కూర్చోకుండా లేచి, "గొంతు రాజవ్వదే. పాట రాజవ్వది కాదు. నా జాగ ఏది?" అని ఇంటికి నడిచింది.

బిడ్డా, అది ఒక్కరు పాడే పాట కాదు. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. అక్క అడిగేది. పోచమ్మ చెప్పేది. అక్క ఎక్కడా మరిచిపోలేదు. ఆగిందంతే.

ఆ చెప్పే చరణాలేమిటో నీకు రాసి పంపుదామని మీ అవ్వను అడిగాను. "అడగకుంట ఎట్ల చెప్త?" అంది. నాకు ఆ పాట రాదు. మేస్త్రీలం కింద గోడల దగ్గర ఉండేవాళ్ళం, అది డాబా మీది పాట.

నీ మీద ఎవరికీ కోపం లేదు. మీ అవ్వకూ లేదు. అన్నం తిని పడుకుంది. కాకపోతే పోస్టుమాన్‌ను ఆపి అడగటం మానేసింది.

తాత


కామాటిపుర
గురువారం

ప్రియమైన తాతకు, పోచమ్మవ్వకు,

మీ ఉత్తరం మంగళవారం అందింది. చదివి నేను నాయనమ్మ ముందు కూర్చుని చేసిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె, "నా మర్యాద కోసం చేసినవ్. మంచిగనే అనుకున్నవ్" అంది. ఆ తర్వాత, "అడిగేది నేను. చెప్పేది అది. అది లేంది రెండూ నేనెట్ల పాడుత? దాని జాగల దాన్ని ఉండనియ్యాలె గద" అంది. టీవీ వాళ్ళకు ఈ మాట చెప్పలేదా అని అడిగాను. చెప్పిందట. ఆ అబ్బాయి టైం లేదన్నాడట.

అదే సాయంత్రం కేబుల్ మంగేష్ వచ్చాడు. రికార్డు చేసే పాత పెట్టెలన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి ఇస్తున్నారట, బుధవారం మధ్యాహ్నం మన వంతు. లోపల ఉన్నవన్నీ పెట్టెతో పాటే పోతాయి. ఇంకో వారం ఆగమని అడిగాను. తన చేతిలో లేదన్నాడు.

ఫోరస్ రోడ్డుకు పరుగెత్తాను. తుషార్ దాదా రికార్డర్ వర్లిలో ఒక పెళ్ళివారింట్లో ఉంది. బుధవారం కాలేజీ మానేసి, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, దాన్ని చీరలో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

విషయం అప్పటికే గ్యాలరీ అంతా పాకింది. కోమల్ కాకూ మా గదిలోకి వచ్చి రిమోట్ తీసుకుని కొంగులో ముడేసుకుంది. "ఇగ ఎవడొచ్చి నొక్కుతడో చూస్త" అని గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. గదిలో మాటలు డిస్కులోకి పోవని తుషార్ దాదా ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. కుక్కర్లు దింపేశారు. పిల్లల్ని కిందికి పంపారు. దగ్గు వస్తే బయటికి వెళ్ళి దగ్గారు.

నేను రికార్డర్ దగ్గర కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి ఆ మీట జోలికి పోలేదు.

తాతా, మొదటిసారి నేను నాయనమ్మ నోటినే చూశాను. అది ఎప్పుడు ఆగుతుందా అని. ఈసారి మొత్తం మనిషిని చూశాను. పాట ఆగినచోట ఆమె చేయి ఆగలేదు. కుర్చీ చేతి మీద దెబ్బ వెనక దెబ్బ, లెక్క తప్పకుండా పడుతూనే ఉంది. ఒక్కో చరణం అడిగి, తల కొంచెం తన ఎడమ వైపుకు తిప్పుతుంది. అక్కడ గ్యాలరీ గోడ తప్ప ఏమీ లేదు. కాసేపు వింటుంది. విన్నాక తల ఊపి, తర్వాతి చరణం అందుకుంటుంది.

ఇది కోమల్ కాకూ కూడా చూసింది. పాట అయ్యాక తనే జరిగి వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది.

డిస్కు పూర్తి కాగానే వేరే యంత్రాల్లోనూ ఆడేలా దాన్ని ముగించాలి. అది నడుస్తుండగానే మంగేష్ కొత్త పెట్టెతో మెట్లెక్కాడు. కాకూ అతన్ని గుమ్మంలో ఆపి, చాయ్ ఇచ్చి, అతని పెళ్ళి ఎప్పుడో, పిల్ల ఎవరో అన్నీ అడిగింది. డిస్కు బయటికి వచ్చాకే దారి ఇచ్చింది.

ఇందులో నేను ఏమీ తీయలేదు, ఏమీ కలపలేదు. వ్యాఖ్యాత మాటలు కూడా ఉన్నాయి.

పోచమ్మవ్వా, మీ జాగ మీకు పంపుతున్నాను.

సాక్షి


రేగడిపల్లి

నా బంగారు సాక్షికి,

నీ ఉత్తరం మీ అవ్వకు రెండుసార్లు చదివి వినిపించాను. ఎడమ వైపుకు తల తిప్పుతుందన్న చోట ఆపమంది. "ఔ. నేను ఆ దిక్కే కూసునేదాన్ని" అంది.

సైదులు ఇంటికి ఈసారి బొంబాయి డాబాలు కొట్టి వచ్చిన ఆడవాళ్ళందరినీ తనే పిలుచుకు వెళ్ళింది. మోకాళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళు, మనవల చేయి పట్టుకుని వచ్చినవాళ్ళు. అందరూ టీవీకి ఎదురుగా కూర్చుంటే, మీ అవ్వ మాత్రం మా కుడి చేతి వైపు, టీవీ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. మా అక్క తెరలోంచి తల తిప్పితే చూపు సరిగ్గా ఆమె మీద పడుతుంది. సైదులు భార్యను అడిగి చపాతీ కర్ర చేతిలోకి తీసుకుంది.

అక్క అడిగింది:

గోడ లేపిందెవ్వరే సెల్లె, గోపురమంత?

నువ్వు మొదటి డిస్కులో మూసేసిన చోటు తెరుచుకుంది. మీ అవ్వ కర్రతో నేల మీద దెబ్బ వేసి చెప్పింది:

గంప మోసిన మనమే అక్క, గంజి తాగి.

తెరలో అక్క తల ఊపింది. నా మీద ఒట్టు సాక్షీ, విని ఊపినట్టే ఊపింది. మళ్ళీ అడిగింది:

గచ్చు నున్న చేసిందెవరే సెల్లె, అద్దము తీరు?

గాజులరిగిన మనమే అక్క, గల్లున కొట్టి.

వానసుక్క ఆపిందెవరే సెల్లె, వాకిట నిలిపి?

మన సేతి దెబ్బనే అక్క, దిగదు సుక్క.

నాలుగో చరణానికి మిగతా ఆడవాళ్ళు కూడా నేల మీద చేతులతో కొట్టడం మొదలుపెట్టారు. "మనమే" అన్న చోట అందరి గొంతులూ కలిశాయి. సైదులు ఇంటి గిన్నెలు కదిలాయి. నేను వర్లిలో కింద గోడ కడుతూ తల ఎత్తి వినే చప్పుడు అదే. అందులో వాళ్ళు ఏమడిగి ఏం చెప్పుకునేవారో ఈ వయసులో మొదటిసారి విన్నాను.

పాట అయ్యాక నీ వ్యాఖ్యాత తెర మీదికి వచ్చాడు. చక్కటి చొక్కా వేసుకున్నాడు. రాజవ్వ సగం పాట మరిచిపోయిందని, ఆ సగం ఇక ఎక్కడా దొరకదని బాధపడ్డాడు.

మీ అవ్వకు ఇంకా ఆయాసం తగ్గలేదు. కర్ర ఒళ్ళో పెట్టుకుని అతన్ని మర్యాదగానే పూర్తిగా విన్నది. విని, పిల్లవాడికి నచ్చజెప్పినట్టు చెప్పింది:

"ఏడికి పోలే బిడ్డా. ఆ సగం నా దగ్గర పెట్టింది."

మీ తాత,
చంద్రయ్య