నల్లబల్ల మీద చివరి మాట

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. వరండాలో నల్లబల్ల మీద రోజుకో ఇంగ్లీషు మాట రాసేవారు కదా. చివరి మాట ‘సావీ’ని నేనింకా తుడవలేదు. పక్కనే అర్థం ఉంది: లోకం పోకడ తెలిసి పని చక్కబెట్టుకునే నేర్పు గల. దాని కింద ‘మూలం’ అని రాసి, ఎదుట ఖాళీ వదిలి ఆస్పత్రికి వెళ్లారు.

పొద్దున గ్యాస్ కనెక్షన్ నా పేరుకు మార్పించుకుందామని రాంగోపాల్‌పేట్‌లోని గ్యాస్ ఆఫీసుకు వెళ్లాను.

"మీ పేరు మీదనే ఉంది గదమ్మా. సారే మొన్నటి దసరా కాదు, అంతకు ముందటి దసరా ముంగట వచ్చి మార్పిచ్చిండు. ఇంట్ల చెప్పలేదా?" అన్నాడు గుమాస్తా.

మీ జబ్బు సంగతి డాక్టరు నాకు చెప్పింది ఆ ఏడాది క్రిస్మస్ అయ్యాక.

ఇంటికొచ్చి మీ నిఘంటువు తీశాను. ‘సావీ’ స్పానిష్ ‘సాబే’ నుంచి, ఓడరేవుల్లో కలిసిపోయిన భాషల గుండా ఇంగ్లీషులోకి వచ్చిందట. ‘మీకు తెలుసు’ అని అర్థమట.

ఖాళీలో ‘మీకు తెలుసు’ అనే రాశాను. కింద ‘నాకు తెలియదు’ అని రాయబోయి, సుద్దముక్క పక్కన పెట్టేశాను.