మూడో అంతస్తు బెంచీ

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. అలవాటు కొద్దీ ఇస్తున్నాను, మనస్ఫూర్తిగా కాదు. మూడో అంతస్తు మెట్ల మలుపులో బెంచీ ఎందుకు తీయించావు? నాలుగో అంతస్తు దాకా ఎక్కే నా మోకాళ్లకు అదొక్కటే దిక్కు. ఇవాళ పాలప్యాకెట్లతో ఎక్కి వస్తే అక్కడ పూలకుండీలు ఉన్నాయి. వాటి మీద కూర్చోమంటావా? బిల్డింగుకి సెక్రటరీవి అయితే మేనత్త కనబడదా?

కోపంతో,
నీ అత్తయ్య

తా.క. దిగి వచ్చి తిట్టేదాన్నే. మళ్లీ ఎక్కాలి కదా అని రాస్తున్నాను.

పూజ్యులైన అత్తయ్యకు,

నమస్కారాలు. ఇందులో నా తప్పేమీ లేదు. ఆదివారం మీటింగులో "బెంచీ తీసేసి కుండీలు పెడదామా? సరేననేవాళ్లు చేతులెత్తండి" అన్నాను. అన్ని చేతులూ లేచాయి. ఏకగ్రీవం.

విధేయుడు,
మేనల్లుడు

తా.క. మీరూ అక్కడే ఉన్నారు కదా అత్తయ్యా.

మేనల్లుడికి,

ఏకగ్రీవమా, నా మొహమా? మోకాళ్లు పట్టుకుని గడపగడపకూ తిరిగి అడిగాను. పళ్ల డాక్టరు దర్జీని చూసి ఎత్తాడట. దర్జీ లెక్కల టీచరమ్మను చూసి ఎత్తాడట. బట్టలమూట దించుకుని రోజూ ఆ బెంచీ మీదే ఊపిరి తీసుకునే మనిషి! టీచరమ్మేమో "అందరూ ఎత్తాక నేనొక్కదాన్నే చేతులు కట్టుకుని కూర్చుంటే ఏం బాగుంటుందండీ" అంది. ఇంత బిల్డింగులో ఒక్కరికీ సొంత బుర్ర లేదా? మొదట ఎత్తిన మహానుభావుడెవరో చెప్పు. వాడి సంగతి తేలుస్తాను.

మండిపోతూ,
అత్తయ్య

తా.క. నేను అక్కడ ఉన్నానా లేదా అన్నది తర్వాత సంగతి.

అత్తయ్యకు,

చెప్పకూడదనే అనుకున్నాను. మొదటి చెయ్యి మీదే. ముందు వరుసలో కూర్చున్నారు, అందరికీ కనబడింది. కుండీలు నాకూ ఇష్టం లేదు. కానీ బెంచీ ఎక్కువగా వాడేది మీరు. మీరే సరేనన్నాక మేమెవరం కాదనడానికని అందరం ఎత్తేశాం. ఆ మాట మీ మొహం మీద ఎవరూ చెప్పలేకపోయారు.

మీ మేనల్లుడు

తా.క. తిట్లేమైనా ఉంటే ఉత్తరంలోనే పంపండి.

నాయనా,

నేను చెయ్యెత్తింది వద్దని చెబుదామని. నోరు తెరిచేలోపు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ చేతులే. ఇంతమందికి ఇష్టమైనప్పుడు నా మోకాళ్ల గొడవ ఎందుకులే అని నోరు మూసుకున్నాను. ఎత్తిన చెయ్యి దించడానికి కూడా మొహమాటపడ్డాను. సిగ్గేస్తోంది. ఆ సిగ్గంతా కోపంగా మార్చి మీ మీద చూపించాను.

నీ అత్తయ్య

తా.క. రేపటికల్లా బెంచీ రాకపోతే మెట్ల మీదే కూర్చుంటాను. నన్ను చూసి మీరందరూ వచ్చి కూర్చుంటారేమోనని ఒక్కటే బెంగ.