నాలుగు వేళ్ళ వెలితి

విజయవాడ,
20-2-1974, బుధవారం.

క్రీస్తునాథునియందు ప్రియమైన చెల్లెలు తెరేసమ్మకు, మరియతల్లి చల్లని చూపు నీ ఇంటిమీద ఉండాలని వేడుకుంటూ అక్క శౌరమ్మ వ్రాయునది. ఇక్కడ నేనూ, తమ్ముడు అంతోనీ క్షేమం. అక్కడ నువ్వూ, మరిదిగారు సంజీవరావుగారూ క్షేమమని తలుస్తాను. చలి తగ్గాక నీ కాలినొప్పి కాస్త నయమని మరిదిగారి కార్డులో చూశాను. దేవునికి స్తోత్రం.

పదకొండో తేదీన గుణదల తిరునాళ్ళు బాగా జరిగాయి. నీ పేరున కొవ్వొత్తి వెలిగించాను. మన అమ్మ మొక్కు తీర్చినట్టే, జబ్బుపడిన కాలు ఎంతుందో అంత పొడవు కొవ్వొత్తి. క్రిస్మస్‌కి చల్లపల్లి వచ్చినప్పుడు నీ కాలు తుంటి నుంచి మడమ దాకా నూలుదారంతో కొలుచుకున్నాను కదా. ఆ దారం ఇస్తే కొవ్వొత్తులవాడు అచ్చంగా అంతే పోసి ఇచ్చాడు. నువ్వే వచ్చి వెలిగించాల్సింది.

ఇక అసలు సంగతి. అంతోని కారు అమ్మేస్తానంటున్నాడు. మార్చి మూడో తేదీ ఆదివారం బందరు నుంచి రైసుమిల్లు ఆసామి ఒకాయన వచ్చి తోలుకుపోతాడట. నేను చెబితే వినడం లేదు. నువ్వు రాస్తే వింటాడు. నీ మాట ఎప్పుడూ వింటాడు.

ఆ కారు నీకోసమేనని నీకు తెలుసు. దానికి వాడు ఎంత పాటుపడ్డాడో తెలియదు. మూడేళ్ళ కిందట నువ్వు బస్సు దిగుతూ పడి, మోకాలు మడత పడకుండా పోయాక, ఆస్పత్రి నుంచి నిన్ను టాక్సీ వెనకసీటులో అడ్డంగా పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ఇంకోసారి నన్ను పీనుగులా మోసుకెళ్ళొద్దు, ఎదురుగా రోడ్డు చూసుకుంటూ కూర్చోగలిగిన రోజునే గడప దాటుతాను అన్నావు. మేమందరం ఆ మాట మరిచిపోయాం. వాడు మరవలేదు.

ఆ మరుసటి ఏడు, ఒక బంగళా షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును తుక్కు కింద తెచ్చాడు. రెండే సీట్లు. నేలకి జానెడెత్తున కూర్చోవాలి. ఇదేం బండిరా, కూర్చుంటే లేవడమెట్లా అని నేనంటే, ఇందులో కాళ్ళు మడుచుకుని కాదు పెద్దక్కా, చాపుకుని కూర్చుంటారు, చిన్నక్క కాలికి లోకం మొత్తంమీద పనికొచ్చే బండి ఇదొక్కటే అన్నాడు. వాడి మొహం అంత వెలగడం నేను ఎన్నడూ చూడలేదు.

తీరా చూస్తే కాలు పూర్తిగా చాపడానికి అందులోనూ చోటు చాలదు. సీటు వెనక్కి జరుపుదామంటే వెంటనే రేకు గోడ. ఆ గోడ కోశాడు. సీటు జరిగే ఇనుప పట్టాలు ఊడదీసి, నేలకి కొత్త బెజ్జాలు వేసి, వెనగ్గా బిగించాడు. వీపుదిండులో కొబ్బరిపీచు పీకేసి పలచని ఫోము పెట్టాడు. కొలతకి నీ కాలి దారమే కావాలన్నాడు. నీకు ముందుగా చెప్పొద్దన్నాడు. కొవ్వొత్తులవాడికి కొలత ఇచ్చాక అదే దారం నేను వాడికి ఇచ్చాను. ఆటోనగర్‌లో తన సీట్ల షాపులో మేకుకి తగిలించుకుని, వేలెడు చోటు కోసం మూడేసి రోజులు తంటాలు పడ్డాడు.

ఒకరోజు క్యారేజీ పట్టుకెళితే పక్క షాపు టింకరింగు వెంకటప్పయ్య, అమ్మగారూ, మీవాడు లారీ సీట్లు మానేసి రాణిగారి పల్లకీ కడుతున్నాడండీ, రేపు మమ్మల్ని బోయీలుగా రమ్మంటాడేమో కనుక్కోండి అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి జపమాల పట్టుకుంటే ఎన్నో పూస దగ్గరున్నానో తెలియలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ తప్పాను.

నీకు చెప్పకూడదు గానీ చెబుతాను. నాకు కుళ్ళు పుట్టింది. యాభై అయిదేళ్ళ మనిషిని, రోజూ పూజకు వెళ్ళేదాన్ని. అయినా పుట్టింది. అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్ళు. వాడి జ్వరాలకి మేలుకున్నది నేను, వాడికి అన్నం పెడుతున్నది ఇవాళ్టికీ నేను. నువ్వు వాణ్ణి ఎత్తుకుని ఆడించి, ఏడిస్తే నా చేతికిచ్చి పోయేదానివి. వాడికి నవ్వించినదానివి నువ్వే గుర్తున్నావు. ఏడుపు మాన్పినదాన్ని నేను గుర్తులేను.

ఇరవై ఏళ్ళుగా సీట్లు కుట్టేవాడి ఇంట్లో, నేను ప్రార్థనకి కూర్చునే కుర్చీకి దిండు లేదు. అడగలేదు. అడక్కుండా చేస్తాడని చూశాను. కారుకి రెక్సిను ఏ రంగు బాగుంటుందని నన్నడిగాడు. సంతోషపడి ఆకుపచ్చ అన్నాను. మరునాడు వంకాయరంగు తెచ్చి, చిన్నక్కకి ఇష్టం కదా అన్నాడు. మరి నన్ను ఎందుకు అడిగాడో.

నిన్ను తిరునాళ్ళకి తీసుకురావడానికి పదో తేదీన కారేసుకుని మీ ఊరొచ్చిన సంగతి వాడు తిరిగొచ్చి చెప్పాడు. నీలంరంగు పట్టుచీర కట్టుకుని అరుగుమీద సిద్ధంగా ఉన్నావట. వీధి వీధంతా చేరిందట. మరిదిగారూ వాడూ కలిసి నిన్ను సీట్లో దింపితే మడమ ముందు రేకుకి కొట్టుకుని, నాలుగు వేళ్ళ మేర కాలు పట్టలేదట. ఎటు తిప్పినా పట్టలేదట. నొప్పికి నీ మొహం తెల్లబోయినా, పోనీలేరా అంతోనీ, ఈ కాలు కోయించుకుని వస్తాను, అప్పటిదాకా బండి అట్టేపెట్టు అన్నావట. అందరూ నవ్వారట. వాడు నవ్వలేదు. ఆ సీటు ఖాళీగా పెట్టుకుని విజయవాడ దాకా వచ్చాడు.

మర్నాడు ఆ సీట్లో నేను గుణదల వెళ్ళాను. దారిలో ఎదురింటి సుబ్బరత్నం కేకేసి, ఏమండోయ్ శౌరమ్మగారూ, టోపీ ఒక్కటే తక్కువ, దొరసానిలా ఉన్నారు అంది. నేను కోరుకున్నది అదేనేమో. కానీ సీటు అంత వెనక్కి జరిగి ఉంది కదా, నా పొట్టికాళ్ళు ఎక్కడా ఆనలేదు. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారిపోయాను. తలుపు పట్టుకుని కూర్చున్నాను. వాడు నా వైపు చూసినప్పుడల్లా నాలో నిన్ను వెతుక్కుంటున్నట్టు చూశాడు.

ఇప్పుడు వాడు తప్పంతా తనదేనంటున్నాడు. మనిషి కూర్చుంటే దిండు అణిగి ఒళ్ళు ముందుకు జారుతుందని తట్టలేదు, నా చెయ్యి పాడైపోయింది అంటున్నాడు. లారీ సీటు పని వస్తే కూడా వేరేవాళ్ళ దగ్గరికి పొమ్మన్నాడు. దారం కొలతేమైనా తేడా వచ్చిందేమోనని వెంకటప్పయ్య అడిగితే, మా పెద్దక్క కొలత తప్పదు అన్నాడట.

అందుకని నువ్వు ఒక పని చెయ్యి. ఆ రోజు కాలు వాచి ఉందని, సీటుదేమీ తప్పు లేదని వాడికి ఒక కార్డు రాయి. నాలుగు మాటలు చాలు. వాడి మనసు కుదుటపడుతుంది, కారు అమ్మడు. ఎవరికీ నష్టం లేని అబద్ధం. దేవుడు క్షమిస్తాడు.

మరిదిగారికి నా నమస్కారాలు. నీ కాలికి నూనె రాయడం మానొద్దు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
శౌరమ్మ.

తా.క. గురువారం ఉదయం. పైన చెప్పిన కార్డు రాయకు. నీ కాలు వాచలేదు. వాడి చెయ్యి పాడవలేదు. నేను దారం కోశాను. కొవ్వొత్తుల అంగడి నుంచి ఆటోనగర్ వెళ్ళేదారిలో, రిక్షాలో కూర్చుని, నాలుగు వేళ్ళ మేర పంటితో కొరికి పారేశాను. మరియతల్లికి నిజం కొలత ఇచ్చి, తమ్ముడికి తప్పు కొలత ఇచ్చాను. నువ్వు ఆ సీట్లో కూర్చోకూడదని, అంతే. వేరే కారణం లేదు. రాత్రి నీతో అబద్ధం రాయించబోయాను, అది రెండో పాపం. ఉపవాసకాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందు ఫాదరుగారికి చెప్పుకుంటాను. అంతకంటే ముందు వాడికి చెప్పాలనిపించింది.

ఇందాక కాఫీ ఇచ్చి చెప్పాను. గ్లాసు పక్కన పెట్టేశాడు. తిడతాడనుకున్నాను. తర్వాత, నాలుగు వేళ్ళంటే ఎవరి వేళ్ళు అని అడిగాడు. నావేనన్నాను. నా చెయ్యి బల్లమీద పెట్టించి, జేబులో టేపు తీసి, నాలుగు వేళ్ళూ అడ్డంగా కొలిచి, అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. రెండు అంగుళాల ముప్పావు. ముందు రేకు దగ్గర చెక్క పలకొకటి ఉంది, అది తీస్తే వస్తుంది అన్నాడు, నాతో కాదు, తనలో తను. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

బందరాయనకి వద్దని కబురు పెడతాడు. వచ్చే శనివారం మీ ఊరు వస్తాడు. ఈసారి కొలత తనే తీసుకుంటాడట. నువ్వు ఆ కారులో ఎదురుగా రోడ్డు చూస్తూ వస్తుంటే నాకు మళ్ళీ కుళ్ళే పుడుతుంది, నాకు తెలుసు. పుట్టనీ. నా మీద ఎంత కోపం ఉన్నా, నువ్వు మాత్రం ఎక్కు.