నీలిదీపాలకు పూసిన గంధం

ఓబులక్కా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఆయుధపూజ ఇది. నంద్యాల కాలేజీ ల్యాబులో హెడ్ సారు, తాను ఏడాదంతా ముట్టని పరికరాలన్నింటికీ గంధం పూశారు. ఆళ్లగడ్డ నుంచి బస్సులో నువ్వు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన నీలిదీపాల డబ్బానూ వదల్లేదు. నువ్వైతే డబ్బా వెనక ఒక్క బొట్టు పెట్టి ఊరుకునేదానివి. ఆయన దీపాల ముఖాలన్నీ కప్పేశారు.

మర్నాడు ప్రయోగానికి ముందు తుడవబోతే, "పూజ బొట్టు చెరపగూడదు. అట్లే చెయ్యి," అన్నారు. అలాగే చేశాను. నీలికాంతి తగిలితేనే ఉత్ప్రేరకం రాడికల్‌ను పుట్టిస్తుంది, ఆ రాడికల్ బోరాన్‌తో కలుస్తుంది. వెలుగే చేరకపోతే ఏం పుడుతుంది? సీసాలో పోసింది పోసినట్టే ఉంది.

"కాచకుండా యాడన్నా బోరాన్ అతుక్కుంటాదా? ఆ పిచ్చిపిల్ల చెప్పింది, మీరు నమ్మినారు. రేపు ఆ డబ్బా ఎత్తి పారేయండప్పా," అన్నారు సారు. పిచ్చిపిల్ల అంటే నువ్వు.

అందరూ వెళ్లాక తడిగుడ్డతో గంధం తుడిచి ప్రయోగం మళ్లీ పెట్టాను. పొద్దునకు పరీక్ష పలక మీద మన బోరాన్ సమ్మేళనం చుక్క స్పష్టంగా తేలింది. తీసుకెళ్లి చూపిస్తే సారు పలకను కళ్లకద్దుకున్నారు.

"చూస్తివా? పూజ రొంత ఆలస్యంగా పలికింది, అంతే!"

పక్కనున్న డాక్టరేట్లన్నీ తలలూపాయి. నిజం చెబితే ఆయన పరువు పోతుంది, దాంతో పాటు డబ్బా కూడా. "అవును సార్," అన్నాను. నీ డబ్బా ఉండిపోయింది.

నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. నాకింకా నవ్వు రావడం లేదక్కా.