గొడుగు బేరం

22 మే 2021, శనివారం

పెబ్బేరు సంత బంద్. ఇది రెండో శనివారం. నలభై ఏళ్లుగా ఎద్దుల బేరాలు కుదిర్చేవాణ్ణి, శనివారం ఇంట్లో కూర్చుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఎవరూ పశువులను తోలుకుపోవద్దని ఊళ్లో మైకు వేసింది ఎవరు? మా తేజస్విని! నా బిడ్డ! పక్క ఊరికి పంచాయతీ సెక్రెటరీ, మా ఊరికి ఇన్‌చార్జి. ఏడో తరగతితో బడి మానేసినవాడి ఇంట్లో సెక్రెటరీ పుట్టింది. ఆమె గొంతు మైకులో వింటుంటే ఒక పక్క రోషం, ఒక పక్క సంతోషం. అన్నం చల్లారిపోయింది, నేను వింటూనే ఉన్నాను.

25 మే, సాయంత్రం 5 గంటలు

యాదయ్య వచ్చాడు. అతని జోడులో ఒక ఎద్దు పాము కరిచి చచ్చిపోయింది. రెండోది మేత కూడా సరిగా తినడం లేదట. మిరుగు కార్తె లోపల జత దొరకకపోతే ఎట్ల దున్నాలె కురుమన్నా, ఆ రాళ్ల చెల్కల ట్రాక్టర్ దిగదు అన్నాడు. నేనున్నా కదా, నువ్వేం పరేషాన్ కాకు అని మాట ఇచ్చేశాను.

అన్నం దగ్గర బిడ్డతో కొట్లాట. వైన్‌షాపు పొద్దున పదింటిదాకా తెరుస్తరు, మా ఎద్దులకే ఉందా కరోనా అన్నాను. మందు కొనేటోడు సీసా పట్టుకొని పోతడు నాయినా, నీ తువ్వాల కింద ఒక్క పొద్దుల ఎన్ని చేతులు పోతయో చెప్పు అంది. అదీ నిజమే. మా బేరం నోటితో కాదు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటాం. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు.

యాదయ్య చెల్క బీడు పడితే ఇల్లంతా ఏడాది పస్తు, మీ బులెటిన్‌ల దానికి గడి ఉందా అని అడిగాను. బిడ్డ ముద్ద కింద పెట్టింది. ఈ నెలల కరోనాతోని పోయిన ముగ్గురిని ట్రాక్టర్‌ల వేయించి కాల్పించింది నేనే నాయినా, ఆ ముగ్గురి చెల్కలు గూడ బీడే అంది.

26 మే

రాత్రంతా ఆ ముగ్గురి చెల్కలే కళ్ల ముందు మెదిలాయి. అయినా సంత పెట్టే తీరుతాను.

5 జూన్, శనివారం, పొద్దున 11 గంటలు

పెట్టాను! గుట్ట వెనక పడావు భూమిలో ఇరవై జతలు నిలబడ్డాయి. గంటల చప్పుడు వినగానే పదేళ్లు చిన్నవాణ్ణి అయ్యాను. పాన్‌గల్ నుంచి లక్ష్మణ్ ఒక ఆసామి తరఫున ఎర్ర ఎద్దును తెచ్చాడు. అతనూ నాలాంటి బేరగాడే. ముప్పై ఏళ్లుగా అతని చేయి నా చేతికి తెలుసు. పళ్లు చూశాం, నడక చూశాం. యాదయ్య ఎద్దు దాన్ని వాసన చూసి తోక ఊపింది. కరోనా లేదు గిరోనా లేదు, ఇండ్లల్ల కూసుండేటోళ్లకే అన్నీ వస్తయి అని లక్ష్మణ్ నవ్వుతూ తువ్వాల పరిచాడు. ధర ఒక్క వేలి దూరంలోకి వచ్చింది.

అప్పుడే బిడ్డ స్కూటీ చప్పుడు.

ఆమె అరవలేదు. రసీదు పుస్తకం తీసి ముందు నా దగ్గరికే వచ్చింది. పేరు అంది. కురుమయ్య అన్నాను. తండ్రి పేరు అంది. మీ తాత పేరు మరిచిపోయినవా బిడ్డా అన్నాను. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. మాస్కు లేనందుకు వెయ్యి రూపాయల రసీదు చేతిలో పెట్టింది. పది నిమిషాల్లో ఇరవై జతలూ వెళ్లిపోయాయి. సొంత తండ్రికి జుర్మానా వేసే ధైర్యం ఈ మండలంలో ఇంకెవరికుంది? ఆ రసీదు దేవుడి పటం పక్కన పెట్టుకున్నాను. యాదయ్య మాత్రం ఒంటి ఎద్దునే తోలుకొని ఇంటికి పోయాడు. అది మరిచిపోలేదు.

8 జూన్, మిరుగు మొదలు

యాదయ్య ఎద్దును పంచాయతీ ఆఫీసు ముందు కట్టేసి కుర్చీ వేసుకొని కూర్చున్నాను. మాస్కు పెట్టుకున్నాను. చుట్టూ ముగ్గుతో గుండ్రంగా గీత గీసుకున్నాను. ఏ రూలు తీస్తుందో తీయనీ.

గంట తర్వాత బిడ్డ బయటికి వచ్చింది. ఎద్దును కొనొద్దని ఎవలన్నరు నాయినా, సంత వద్దన్న, ఎవుసానికి సడలింపు ఉంది, కొనేటోడు, అమ్మేటోడు, నువ్వు, గంతే, చెయ్యికి చెయ్యి తగలొద్దు అంది. చెయ్యి తగలకుంట ఏం బేరం, వేళ్లు బయట పెడితే ఊరంతా చూడదా అన్నాను. గది నీ పని, ఊళ్లె అందరికి ఉపాయం చెప్పేటోడివి నీకు తెల్వదా అని లోపలికి పోయింది.

ఎగతాళి! నాకే!

9 జూన్

లక్ష్మణ్‌కు కరోనా. వనపర్తి దవాఖానలో ఉన్నాడు. ఎక్కడ అంటుకుందో తెలియదు. మా గుట్ట వెనకనో, ఇంకెక్కడనో. బిడ్డ నాకు టెస్టు చేయించింది, లేదన్నారు. అయినా కొట్టంలో ఒంటరిగా పడుకోమంది. పడుకున్నాను. ఆ శనివారం గురించి బిడ్డ ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే కొట్లాడేవాణ్ణి.

11 జూన్

కొట్టంలో దూలానికి నా పాత గొడుగు వేలాడుతోంది. పొద్దటి నుంచి దాన్నే చూస్తున్నాను.

14 జూన్, సోమవారం

ఉపాయం దొరికింది! రెండో టెస్టులోనూ లేదన్నాకే బిడ్డ నన్ను కొట్టం నుంచి వదిలింది. యాదయ్య చెల్కలో బిడ్డ టేపుతో ఆరడుగులు కొలిచింది. ఇటు నేను, అటు ఎర్ర ఎద్దు ఆసామి. నా చేతిలో నల్ల గొడుగు, ఆయన చేతిలో ఇంటామె పూల గొడుగు. గట్టు మీద జనానికి అడ్డంగా గొడుగులు వంచి, లోపల వేళ్లు చూపించుకున్నాం. ఆయన చూపింది నాకు, నేను చూపింది ఆయనకు, ఇంకెవరికీ కనిపించదు. వానొచ్చినప్పుడు గూడ ఈయన గిట్ల గొడుగు పట్టలేదు అని యాదయ్య ఒకటే నవ్వు. బిడ్డ మాకు వీపు చేసి నిలబడింది. అధికారి అయినా బేరం మర్యాద తెలిసిన పిల్ల!

కుదిరింది. కాడి కింద రెండు మెడలు.

చూసినవా నాయినా, బంద్ పెట్టినా పని ఆగలే అంది. నేను మొండికేసిన కాబట్టి ఆగలే అన్నాను. ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఇది ఒక్క ఎద్దు, పెబ్బేరు సంతలో వందల జతలు, వాళ్లందరి దగ్గరికి ఎవరు పోయి గొడుగు పడతరు అని అడిగాను. ఆమె టేపు చుట్టుకుంటూ, మబ్బు పట్టింది ఇంటికి పోదాం పా నాయినా అని మాట మార్చింది. ఎంత సంతోషమో! బిడ్డను దగ్గరికి తీసుకోవడానికి లేదు కదా, ఎర్ర ఎద్దును పట్టుకొని ముద్దు పెట్టాను.

26 జూన్, శనివారం

సంత తెరిచారు. లక్ష్మణ్ వచ్చాడు. తువ్వాల పరిచే ముందు జేబులో నుంచి శానిటైజర్ సీసా తీసి ఇద్దరి చేతుల మీదా పోశాను. బిడ్డకు చెప్పను.

లక్ష్మణ్ వేళ్లు పుల్లలైపోయాయి. ధర మాత్రం ఒక్క వేలు తగ్గలేదు.