మూడో నంబరు హాల్లో పడవ

మే 5, సోమవారం

చేరాం. బస్సులో ఆరు గంటలు. పెదనాన్న నిద్రపోలేదు, నన్నూ నిద్రపోనివ్వలేదు. తను పుట్టి పెరిగిన చేపల రేవుని ఆయన చూసి ముప్ఫై ఏళ్ళయింది. ఇప్పుడది హెరిటేజ్ టౌన్. వలలు అల్లిన షెడ్లు కాఫీ షాపులయ్యాయి. గోడలకి నీలం రంగు, తలుపులకి తెల్ల రంగు. ఊరు పెళ్ళికూతురిలా ముస్తాబైందన్నాను. వాసనేదే బుజ్జమ్మా అన్నాడు. నిజమే, చేపల వాసన ఎక్కడా లేదు.

మే 6, మంగళవారం

మ్యూజియం. మూడో నంబరు హాల్లో, గాజు తలుపులు దాటి లోపలికెళ్తే మా పడవ. నాన్న, పెదనాన్న కలిసి చేసింది. నాన్న పోయి పదకొండేళ్ళు. ఆయన చేతి పని అంటూ ఈ లోకంలో మిగిలింది ఇదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. పెదనాన్న మాత్రం కంసాలి నగ చూసినట్టు రెండుసార్లు చుట్టూ తిరిగాడు. రెండు పలకల మధ్య సందులో గోరు పెట్టి చూశాడు. దూరింది. వాచ్‌మన్ విజిల్ వేశాడు.

బయటికొచ్చాక చెప్పాడు. నీళ్ళలో ఉంటేనే చెక్క ఉబ్బి అతుకులు బిగుస్తాయట. ఒడ్డుకి తెస్తే రోజూ ఉప్పునీళ్ళతో తడపాలట. వీళ్ళు దాన్ని హాల్లోకి తెచ్చి ఎనిమిది నెలలైంది. కింద ఏసీ, పైన లైట్లు. వచ్చే వేసవి చూడదే, విచ్చుకుపోతుంది అన్నాడు.

మే 7, బుధవారం

క్యూరేటర్‌ని కలిశాం. నాకంటే చిన్నది, మహా మర్యాదస్తురాలు. అదే నా ప్రాణానికొచ్చింది. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. తడి తగిలితే కుళ్ళుతుందండీ, రూల్స్ ఒప్పుకోవు అంది. పడవ నీళ్ళు తాగాలమ్మా అన్నాడు పెదనాన్న. నోట్ చేసుకుంది. కమిటీకి పంపుతానంది. కమిటీ డిసెంబరులో కూర్చుంటుందట.

విజిటర్స్ బుక్కు, పెన్ను ఇచ్చింది. పెదనాన్న చాలాసేపు ఆలోచించి రాశాడు. పడవకి దాహంగా ఉంది. కింద సంతకం. ఆమె తెగ ముచ్చటపడి ఫోటో తీసుకుంది.

మే 8, గురువారం, సాయంత్రం 4

ఘనకార్యం చేశాం. పెదనాన్న వాటర్ బాటిల్లో సముద్రం నీళ్ళు పట్టుకుని లోపలికెళ్ళాడు. నేను వాచ్‌మన్‌ని మాటల్లో పెట్టాలి. నాకు మాటలు చేతకావని ఈయనకి తెలియదా? టాయిలెట్ ఎక్కడని రెండుసార్లు అడిగాను. సగం బాటిల్ పోసేసరికి ఓ టూరిస్టావిడ కెవ్వుమంది. వాచ్‌మన్ నేల తుడుస్తూ, పెద్దాయన కాబట్టి ఊరుకుంటున్నా అన్నాడు. రేపటినుంచి మా బాటిళ్ళు గేటు దగ్గరే వదలాలి.

రూముకొచ్చి పెదనాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. తమ్ముడికి ఏం చెప్పనే అన్నాడు. టీ తెప్పించాను. చల్లారిపోయింది.

మే 9, శుక్రవారం

పొద్దున్నే ఒక్కడూ బీచ్‌కి వెళ్ళొచ్చాడు. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. పద అని చేత్తో సైగ. ఎనభై రెండేళ్ళకి అలకేంటని లోలోపల విసుక్కున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ జేబులు తడిమి, కోపం లేదుగా తాతగారూ అని నవ్వాడు. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. నేరుగా పడవ దగ్గరికెళ్ళి, ముద్దు పెట్టుకోబోతున్నట్టు వంగాడు.

అతుకు తడిసింది. జానెడు.

పడవ ఇరవై రెండు అడుగులు.

బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు దగ్గాడు. పెదాలు ఉప్పుకి పగిలిపోయాయి. ఇదేం పని పెదనాన్నా అని కేకలేశాను. ఏం చెయ్యమంటావే, ఇంకేముంది నా దగ్గర అన్నాడు.

వాచ్‌మన్ కాళ్ళు పట్టుకుందామా అనిపించింది. పట్టుకుంటే మాత్రం ఏమవుతుంది? రేపు మధ్యాహ్నం మా బస్సు.

మే 10, శనివారం, ఉదయం 9:40

వాచ్‌మన్ గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఇద్దరం తలలే ఊపాం.

రెండు జానలు.